మనం మధ్యతరగతేనా?

కొత్తగా అమెరికాకు వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న: "ఏడాదికి లక్షా పదివేల డాలర్లంటే మంచి జీతమేనా అన్నా?" ఇరవై ఏళ్ల కిందట నేనూ నా జీతాన్ని అప్పటి డాలరు ధర నలభై ఐదు రూపాయలతో గుణించి, వచ్చిన మొత్తాన్ని నాన్నగారికి ఫోనులో చెప్పి మురిసిపోయినవాణ్నే. ఆ మురిపెం మొదటి పేస్లిప్పు చూసేదాకానే. లక్షా పదివేలంటే రెండు వారాలకు సుమారు 4,230 డాలర్లు. అందులోంచి సోషల్ సెక్యూరిటీ అనే ప్రభుత్వ పింఛను పథకానికి 6.2 శాతం, పెద్దవయసువారి ఆరోగ్య బీమా మెడికేర్‌కు 1.45 శాతం, ఆపైన ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) పన్ను, ఆరోగ్య బీమా కోసుకున్నాకే మిగిలింది చేతికొస్తుంది. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు గనుక మాకు కొంత నయం.

గుణకారం మానేశాక తోటి తెలుగువాళ్లతో పోల్చుకోవడం మొదలవుతుంది. టెక్సస్‌లోని ఫ్రిస్కో ఊళ్లో ఒక విందులో, ఇద్దరి జీతాలూ నాలుగు పడకగదుల సొంత ఇల్లూ ఉన్న మిత్రుడొకరు పులిహోర వడ్డిస్తూ, "మనవి మధ్యతరగతి బతుకులే కదండీ" అన్నారు. వంటింట్లో కడిగి బోర్లించిన ఖాళీ పెరుగు డబ్బాలు చూస్తే ఆ మాటలో అబద్ధమేమీ కనిపించదు. ఆయన చెప్పింది తాను పుట్టి పెరిగిన ఇంటి గురించి, రాబడి గురించి కాదు. రాబడి మాటకొస్తే, 2023లో ఈ దేశంలో మధ్యగత కుటుంబ ఆదాయం, అంటే సగం కుటుంబాలు అంతకు దిగువనే ఉండే మొత్తం, 80,610 డాలర్లు. దానిలో మూడింట రెండు వంతుల నుంచి రెండింతల దాకా ఉన్నవారిని, కుటుంబ పరిమాణాన్ని బట్టి సవరించి, ప్యూ పరిశోధన కేంద్రం మధ్యతరగతిగా లెక్కిస్తుంది. ఆ లెక్కన సుమారు 1,61,000 దాటిన దంపతులు పై మెట్టున ఉన్నట్టే. విందులో అందరూ ఆ మెట్టు మీదివారే కావడంతో అదే నేల అనిపిస్తుంది. బిర్యానీ ట్రేలు మోసుకొచ్చిన కుర్రాడికి గంటకు 7.25 డాలర్ల కనీస వేతనమే ఇస్తే, వారానికి 40 గంటల చొప్పున ఏడాది పొడవునా పనిచేసినా 15,080 డాలర్లే వస్తాయి.

మీరెక్కడున్నారో తెలియాలంటే పన్నులకు ముందటి కుటుంబ ఆదాయాన్ని మీ కౌంటీ (మన జిల్లా లాంటిది) మధ్యగత ఆదాయంతో పోల్చండి. ఎంత ఖర్చు పెట్టవచ్చో తేల్చుకోవడానికి మాత్రం చేతికొచ్చిన సొమ్మునే చూడండి. అయితే హెచ్-1బి ఉద్యోగ వీసా మీదున్నవారు ఎంత పై మెట్టున ఉన్నా, ఉద్యోగం పోతే మరో దారి చూసుకోవడానికి గరిష్ఠంగా 60 రోజులే గడువు. అందుకే ఇంటి అప్పుకు సంతకం పెట్టేముందు ఆరు నెలల వాయిదాలు బ్యాంకులో ఉన్నాయో లేదో చూసుకోమని అడిగినవారందరికీ చెబుతుంటాను.