గ్రీన్‌కార్డ్ వచ్చింది, టెక్సాస్‌లో పిస్టల్ కొని వెంట పెట్టుకోవచ్చా?

మీరు అడిగింది ఇదీ: గ్రీన్‌కార్డ్ వచ్చి రెండు నెలలైంది, డాలస్ పక్కన ఉంటారు, రాత్రి షిఫ్ట్ నుంచి ఒంటరిగా ఇంటికొస్తారు. టెక్సాస్‌లో ఇప్పుడు లైసెన్స్ అక్కర్లేదంటున్నారు కదా, ఒక పిస్టల్ కొని హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుంటే చాలా అని. చివర్లో, తమ్ముడు ఎఫ్‌1 స్టూడెంట్ వీసా మీద చదువుతూ మీ ఇంట్లోనే ఉంటున్నాడని, సంక్రాంతికి అమ్మానాన్న వస్తున్నారని రాశారు. ఆ చివరి మాట చూశాకే ఇంత పొడుగు జవాబు రాయాలనిపించింది.

నేనూ ఆడదాన్నే, నాదీ రాత్రి పనే. ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో సెకండ్ షిఫ్ట్ చేస్తాను, బయటికొచ్చేసరికి పదకొండున్నర దాటుతుంది. 2019లో పిస్టల్ కొన్నాను, అదే ఏడు లైసెన్స్ తీసుకున్నాను. కొనొచ్చా అంటే కొనొచ్చు. వెంట పెట్టుకోవచ్చా అంటే అదీ పెట్టుకోవచ్చు. హ్యాండ్‌బ్యాగ్‌లో మాత్రం వద్దు. ఇన్నేళ్లలో నాకు తెలిసొచ్చింది ఒక్కటే. గన్ మన ఒంటి మీద ఉండే సమయం కంటే దించి పక్కన పెట్టే సమయమే ఎక్కువ. దించినప్పుడు ఎక్కడ పెడతారు, అక్కడికి ఎవరి చెయ్యి చేరుతుంది అన్నది తేల్చుకున్నాకే షాపుకి వెళ్లండి.

ముందు ఇంటి సంగతి. హెచ్‌1బి, హెచ్‌4, ఎల్‌1, ఎఫ్‌1, విజిటర్ వీసా, ఇలా నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు గన్ గానీ బుల్లెట్లు గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. మినహాయింపులు కొన్నే ఉన్నాయి. మనలాంటి వాళ్లకి పనికొచ్చేది ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. అది లేకుండా మీ తమ్ముడు గన్ పట్టుకుంటే అతనిది నేరం. అతని వీసా ఏమిటో తెలిసీ ఇస్తే మీది కూడా నేరమే. 2022 నుంచి దీనికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ల జైలు. వీకెండ్ షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లి, పిస్టల్ చేతికిచ్చి, ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టడం మనవాళ్లలో మామూలైపోయింది. రేంజ్‌లో అద్దెకి తీసుకున్న గన్‌కి కూడా ఇదే చట్టం వర్తిస్తుంది. ఆ ఫొటోలు చూసినప్పుడల్లా నాకు గుండె దడదడలాడుతుంది. ఇరవై రెండేళ్ల పిల్లాడి చదువు, వీసా, రేపటి ఉద్యోగం అన్నీ ఆ ఒక్క ఫొటోలో ఉంటాయి.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. దగ్గర ఉండటం అంటే చేత్తో పట్టుకోవడం ఒక్కటే కాదు. తీసుకోవాలనుకుంటే తీసుకోగలిగేలా ఒకరి అదుపులో ఉన్నా చట్టం దృష్టిలో అది వాళ్ల దగ్గర ఉన్నట్టే లెక్క పెట్టొచ్చు. కాబట్టి సేఫ్ కోడ్ మీ తమ్ముడికి తెలియకూడదు. అమ్మానాన్నలకీ తెలియకూడదు. మీ పుట్టినరోజో, ఇంటి నంబరో, అందరూ ఊహించే అంకెలు పెట్టకండి.

మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు ఆరు నెలలు ఉంది. వచ్చిన వారానికే నా బట్టల అలమర సర్దడం మొదలుపెట్టి, వెనకాల గోడకి బిగించిన ఇనుప పెట్టె చూసింది. "నగలా?" అంది. కాదమ్మా అని ఉన్నది చెప్పాను. తెరిచి చూపించమంది. చూపించలేదు. ఆవిడ మొహం చిన్నబోయింది. మా ఇంట్లో బీరువా తాళాలు నలభై ఏళ్లు ఆవిడ బొడ్లోనే ఉన్నాయి మరి. కూతురింట్లో తనకి చెప్పని తాళం ఒకటుందని రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు కూర్చోబెట్టి, నీ వీసా మీద ఉన్నవాళ్లకి దీని కోడ్ తెలిస్తే నీకూ నాకూ ఇబ్బంది అని విడమరిచి చెప్పాను. అర్థం చేసుకుంది. మీ వాళ్లు దిగిన రోజే చెప్పేయండి. వాళ్లంతట వాళ్లు కనిపెట్టేదాకా ఆగొద్దు.

ఇక మీ గ్రీన్‌కార్డ్. షాపులో 4473 అని ఒక ఫారం నింపిస్తారు, మీ గురించి బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేస్తారు. డీలర్ దగ్గర పిస్టల్ కొనాలంటే 21 ఏళ్లు నిండాలి. ఫారంలో పౌరసత్వం దగ్గర ఇండియా అనే రాయాలి, గ్రీన్‌కార్డ్ మీద ఉండే మీ 'A' నంబరు వేయాలి. తొందరలో యూఎస్ గడి టిక్ చేస్తే పౌరులమని అబద్ధం చెప్పినట్టు అవుతుంది, ఆ మచ్చ సిటిజన్‌షిప్ దాకా వెంటాడుతుంది. ఇంకా పెద్ద విషయం ఏమిటంటే, గన్ కొనడం, దగ్గర ఉంచుకోవడం, మోయడం మీద ఉన్న ఏ చట్టం కిందైనా శిక్ష పడితే గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లని దేశం నుంచి పంపించేయడానికి ఇమిగ్రేషన్ చట్టంలో అదే ఒక కారణం. పక్కింటి అమెరికన్ జరిమానా కట్టి బయటపడే తప్పుకి మనం ఇల్లూ వాకిలీ వదిలి వెళ్లాల్సి రావచ్చు. ఏదైనా కేసు ముట్టుకుంటే, నేరం ఒప్పుకునే ఒప్పందం మీద క్రిమినల్ లాయర్ సంతకం పెట్టించేముందే ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవండి.

లైసెన్స్ గురించి మీరు విన్నది నిజమే. 2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సాస్‌లో 21 దాటి, గన్ ఉంచుకోవడానికి చట్టపరంగా అడ్డంకి లేనివాళ్లు లైసెన్స్ లేకుండా పిస్టల్ మోయొచ్చు. బయటికి కనిపించేలా అయితే గన్ ఒరలో, అంటే హోల్‌స్టర్‌లో ఉండాలి. తాగి ఉంటే మోయకూడదు. అయినా లైసెన్స్ తీసుకోండి అనే చెబుతాను, ముఖ్యంగా బడి వల్ల. బడి ఆవరణకి వెయ్యి అడుగుల లోపు గన్‌తో తిరగకూడదని ఫెడరల్ చట్టం ఒకటుంది. ఆ బడి ఉన్న రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉన్నవాళ్లకి అందులో మినహాయింపు ఉంది. లైసెన్స్ లేకుండా మోసేవాళ్లకి లేదు, వాళ్లు ఖాళీ చేసి పెట్టెలో తాళం వేసి తీసుకెళ్లాలి. మన సబర్బ్‌లలో కూరగాయలకి వెళ్లినా దారిలో ఒక ఎలిమెంటరీ స్కూల్ తగులుతుంది. పైగా ఒక్లహోమా, లూసియానా, ఆర్కన్సా లాంటి చోట్ల టెక్సాస్ లైసెన్స్ చెల్లుతుంది. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, ఇల్లినాయ్ మన లైసెన్స్‌ని గుర్తించవు. న్యూజెర్సీ ఎడిసన్‌లో చుట్టాలింటికి కారులో బయల్దేరేముందు ఇది గుర్తుంచుకోండి.

ఫీజు 40 డాలర్లు. నాలుగు నుంచి ఆరు గంటల క్లాసు, ఆ తర్వాత కాల్చి చూపించాలి. మూడు గజాల నుంచి 20, ఏడు గజాల నుంచి 20, పదిహేను గజాల నుంచి 10, మొత్తం 50 తూటాలు. 250కి 175 వస్తే పాస్. పదిహేను గజాల దగ్గర నా చెయ్యి వణికి నాలుగు తూటాలు పక్కకి పోయాయి. కాగితం బొమ్మ కదలదు, తిరిగి కాల్చదు, వెనకాల పిల్లలుండరు. అయినా నాలుగు పోయాయి. పాసయ్యాను గానీ ఆ నాలుగు రంధ్రాలు నాకింకా గుర్తున్నాయి. అప్పట్నుంచి నెలకోసారి తప్పకుండా రేంజ్‌కి వెళ్తున్నాను.

గుమ్మాల దగ్గర పెట్టే గన్ బోర్డులు నేర్చుకోవడం కష్టం కాదు, వాటి మీద అంకెలు టెక్సాస్ చట్టంలోని సెక్షన్ నంబర్లు. 30.05 అంటే లైసెన్స్ లేనివాళ్లు గన్‌తో రాకూడదు. 30.06 అంటే లైసెన్స్ ఉన్నా దాచి తేకూడదు, 30.07 అంటే కనిపించేలా తేకూడదు. ఎర్రటి 51 శాతం బోర్డు ఉంటే అది బార్ కింద లెక్క, లైసెన్స్ ఉన్నా లోపలికి తీసుకెళ్లకూడదు. బడి, కోర్టు, పోలింగ్ కేంద్రం, ఇమిగ్రేషన్ ఆఫీసు లాంటి ఫెడరల్ భవనాలు, ఇవన్నీ కుదరవు. గుళ్లు, చర్చిలు 2019 సెప్టెంబరు నుంచి వాళ్ల బోర్డు ప్రకారం. గుడి తలుపు దగ్గర చెప్పులు విప్పేముందు ఒకసారి తలెత్తి చూడండి.

ఆసుపత్రి కూడా ఆ జాబితాలోనే ఉంది. అందుకే ఒకటి చెప్పాలి. ఏ చీకట్లో నడవడానికి భయపడి గన్ కొన్నానో, ల్యాబ్ తలుపు నుంచి కారు దాకా ఉన్న ఆ దారిలో నా దగ్గర గన్ ఉండదు. అది కారులోనే ఉంటుంది. పార్కింగ్‌లో తాళం వేసిన సొంత కారులో ఉద్యోగి గన్ ఉంచుకోవడాన్ని చాలా ఉద్యోగాల్లో యజమాని ఆపకూడదని టెక్సాస్‌లో చట్టం ఉంది, కాబట్టి అది తప్పేం కాదు. కానీ ఆ నడక నాకు తోడుగా నడిచే సెక్యూరిటీ గార్డు వల్లే సురక్షితం. ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో వస్తాడు. మొదటి రెండేళ్లు మొహమాటపడి అడగలేదు. మీ పని చోట కూడా గన్ లోపలికి రానివ్వకపోవచ్చు, ముందు ఆ ఏర్పాటేదైనా ఉందేమో కనుక్కోండి.

కారులో పెట్టడమంటే గ్లోవ్ బాక్స్‌లో పడేయడం కాదు. దొంగలు అద్దం పగలగొట్టి మొదట వెతికేది అదే. సీటు కింద ఇనుప కాలికి కేబుల్‌తో కట్టిన చిన్న లాక్‌బాక్స్ పెట్టించుకోండి. పని చోటుకి చేరాక పార్కింగ్‌లో అందరూ చూస్తుండగా తీసి పెట్టకండి, ఇంటి దగ్గరే పెట్టేసి బయల్దేరండి. తీసేటప్పుడు హోల్‌స్టర్‌తో సహా తీయండి, ట్రిగర్ ఎప్పుడూ కప్పి ఉండాలి.

ఇప్పుడు హ్యాండ్‌బ్యాగ్ సంగతి. నేనూ మొదట్లో అలాగే మోశాను. గన్ కోసమే పక్క అర ఉన్న గోధుమరంగు బ్యాగు కొన్నాను. 2019 కార్తీక మాసంలో స్నేహితురాలింట్లో సత్యనారాయణ వ్రతం. అందరి బ్యాగులూ, కోట్లూ లోపలి గదిలో మంచం మీద కుప్పగా పోశారు. నేనూ నలుగురితో పాటు అక్కడే పెట్టి ప్రసాదం కలపడానికి వంటింట్లోకి వెళ్లాను. పావుగంట తర్వాత ఎందుకో గుర్తొచ్చి గదిలోకి వెళ్తే, నాలుగేళ్ల పిల్ల ఒకతి మంచమెక్కి నా బ్యాగు ఒళ్లో పెట్టుకుని జిప్ లాగుతోంది. వాళ్లమ్మ బ్యాగనుకుంది, చాక్లెట్ కోసం. పెద్ద అర సగం తెరుచుకుంది. గన్ ఉన్నది పక్క అరలో. ఆ జిప్‌కి వేసే బుల్లి తాళం ఆ రోజు నేను వేయలేదు. పిల్లని ఎత్తుకుని బయటికొచ్చాను, కథ అంతా అయ్యేదాకా దించలేదు. వాళ్లమ్మకి ఆ రాత్రే ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. పదిహేడేళ్లలోపు పిల్లలకి తూటాలున్న గన్ అందేలా వదిలేస్తే టెక్సాస్‌లో అది నేరం, పిల్లలు కాల్చి ఎవరికైనా తీవ్రగాయమైతే శిక్ష ఇంకా పెద్దది. కానీ నాకు ఆ రోజు చట్టం గుర్తు రాలేదు, జిప్ పట్టుకున్న ఆ చిన్న వేళ్లే కనిపించాయి.

ఆ బ్యాగు మళ్లీ వాడలేదు. ఇప్పుడు కుర్తీ కింద నడుముకి బెల్లీ బ్యాండ్, అందులో ట్రిగర్ కప్పే గట్టి హోల్‌స్టర్. పట్టుచీర కట్టిన రోజు గన్ ఇంట్లో సేఫ్‌లోనే. పేరంటానికి, పుట్టినరోజుకి, పిల్లలున్న ఏ ఇంటికీ తీసుకెళ్లను. మా ఇంటికి ఆడుకోవడానికి వచ్చే పిల్లల తల్లులు గన్ ఉందా అని అడిగితే ఉంది, ఎక్కడుంది, ఎలా తాళం వేశాను అని చెబుతాను. అడగడం తప్పు కాదు. మీరూ అడగండి.

మీరు అడగకపోయినా ఒకటి చెబుతాను. అమెరికాలో తుపాకీ చావుల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. మీకో, ఇంట్లో ఇంకెవరికో మనసు బాగోని రోజులు వస్తే గన్ కొన్నాళ్లు ఇంట్లో ఉండకూడదు. సిగ్గుపడకుండా, ఆత్మహత్య ఆలోచనలు వచ్చేవాళ్లకి సాయం చేసే 988 నంబరుకి ఫోన్ చేయండి. గన్ దాచమని ఇచ్చేటప్పుడు మాత్రం హెచ్‌1బి స్నేహితులకి ఇవ్వకండి, పైన చెప్పిన చట్టమే అక్కడా వర్తిస్తుంది. ఇండియా వెళ్లినప్పుడు ఇల్లు చూసే పక్కింటివాళ్లు అలాంటి వీసా మీద ఉంటే వాళ్లకి సేఫ్ కోడ్ చెప్పడం కూడా అంతే.

ఇండియా అంటే గుర్తొచ్చింది. 2023లో ఒక్క ఏడాదిలోనే అమెరికా ఎయిర్‌పోర్టుల చెకింగ్‌లో 6,737 గన్‌లు దొరికాయి. పట్టుబడినవాళ్లలో చాలామంది చెప్పేది మర్చిపోయామనే. హైదరాబాద్ ప్రయాణంలో గన్ ఎవరూ తీసుకెళ్లరు, మర్చిపోయేది బుల్లెట్. శంషాబాద్‌లో స్కానింగ్‌లో ఒక్క తూటా కనిపించినా 1959 ఆయుధాల చట్టం కింద కేసు పెట్టొచ్చు. తెలియకుండా బ్యాగులో ఉండిపోయిందని తేలితే కోర్టులు కేసు కొట్టేసిన సందర్భాలున్నాయి. ఈలోగా విమానం పోతుంది, లీవు పోతుంది, పాస్‌పోర్టు గురించి భయం పట్టుకుంటుంది.

నేను రేంజ్‌కి ఒక పాత బ్యాక్‌ప్యాక్ తీసుకెళ్లేదాన్ని. మూడేళ్ల కిందట ఇండియా ప్రయాణానికి మా అమ్మాయి అందులో తన పుస్తకాలు సర్దుకుంది. బయల్దేరే ముందు రాత్రి ఎందుకో అనుమానమొచ్చి అన్నీ తీసేసి బ్యాగుని నేల మీద బోర్లించి దులిపాను. ఏమీ రాలేదు. లోపలి గుడ్డ కుట్టు దగ్గర వేలు పెట్టి తడిమితే గట్టిగా ఏదో తగిలింది. కుట్టు ఊడిన చోట గుడ్డకీ అట్టకీ మధ్య జారిపోయిన 9 ఎంఎం తూటా, చిటికెన వేలిలో సగమంత. ఆ బ్యాగు మరునాడు నా పదమూడేళ్ల పిల్ల భుజాన ఉండాల్సింది.

ఇప్పుడు రేంజ్ బ్యాగు గరాజ్‌లో విడిగా మేకుకి వేలాడుతుంది. గుర్తుకి ఎర్ర రిబ్బన్ కట్టాను. అది ఇంటిలోపలికి రాదు, ఇంట్లోని ఏ బ్యాగూ రేంజ్‌కి వెళ్లదు. మీరు పిస్టల్ కొనే రోజే అలాంటిది ఒకటి కొనండి, రిబ్బన్ ఎందుకు కట్టారో మీ తమ్ముడికి కూడా చెప్పండి.