ఫార్మాట్ సంగతి తర్వాత, ముందు డిస్క్‌లో జాగా చూడండి

"పాస్‌వర్డ్ కరెక్టే కొడుతున్నా. స్క్రీన్ ఒక్క క్షణం నల్లగై మళ్లీ అదే లాగిన్ వస్తోంది. ఉబుంటును ఫార్మాట్ చేయాల్సిందేనా?" అని అడిగారు. అవసరం లేదు. ఉబుంటు అంటే విండోస్‌లాంటిదే, లినక్స్ సిస్టం. నా లెక్కలో ఇలాంటివి పదింట్లో తొమ్మిది డిస్క్ నిండిన కేసులే. కాదనేవాళ్లు అననీయండి.

పోయినేడు మంచిర్యాల నుంచి కాజీపేటకు రైల్లో వస్తున్నా. పెద్దపల్లి దాటగానే మా అక్క కొడుకు ఫోన్. హన్మకొండ నయీంనగర్‌లో రూం తీసుకుని బీటెక్ చదువుతున్నాడు, తెల్లారితే ప్రాజెక్ట్ వైవా.

"మామా, లాప్‌టాప్ లోపలికి రానిస్తలేదు. మా రూమ్మేట్ పెన్‌డ్రైవ్ పట్టుకొని కూసున్నడు, ఫార్మాట్ కొడ్తా అంటున్నడు."

"వాన్ని జర దూరం కూసోమను."

కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కమన్నా. ఏం కాలేదు. లాప్‌టాప్ కదా, ఎఫ్‌ఎన్ కూడా పట్టాలి. పట్టాడు. నల్ల తెర మీద తెల్లక్షరాలు వచ్చేసరికి "మొత్తం పాయె మామా" అని మొదలుపెట్టాడు. ఏం పోలేదురా, అసలు సిస్టం అదే అన్నా. యూజర్ పేరు కొట్టాడు. పాస్‌వర్డ్ కొడుతుంటే అక్కడ చుక్కలు కూడా కనబడవు, దాంతో కీబోర్డ్ సచ్చిపోయిందని మళ్లీ లొల్లి. ఇంతలో ఓదెల దగ్గర సిగ్నల్ పోయింది.

ఈ పిల్లలతో వచ్చిన తిప్పలు ఇదే. మేం 2003లో రెడ్ హ్యాట్ 9 అనే లినక్స్ ఎక్కించుకున్నప్పుడు, మిషన్ ఎట్ల లేవాలో చెప్పే ఇనిట్‌ట్యాబ్ ఫైల్లో 5 (బొమ్మల తెర) తీసి 3 (ఒట్టి అక్షరాలు) పెట్టుకునేవాళ్లం. ముందు నల్ల తెర, బుద్ధి పుడితే స్టార్ట్‌ఎక్స్ కొట్టి బొమ్మల తెర. ఇప్పుడు బొమ్మ రాకపోతే మిషన్ పోయిందనే అనుకుంటారు. రిపేరు షాపుకు తీసుకెళ్తే వాళ్లూ చూడకుండానే ఫార్మాట్ అంటారు. డబ్బులు పోతే పోయె, మూడు నెలల ప్రాజెక్ట్ ఎవడు తెచ్చిస్తాడు?

జమ్మికుంటలో సిగ్నల్ దొరికింది. "డీ, ఎఫ్, గ్యాప్ ఇచ్చి మైనస్ హెచ్ కొట్టు, ఫొటో తీసి పంపు" అన్నా. డిస్క్ ఎంత నిండిందో చూపే కమాండ్ అది. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలో, ఒట్టి స్లాష్ (అంటే సిస్టం ఉన్న డిస్క్) ఉన్న వరసలో 100 శాతం! మన పేరు మీద డెస్క్‌టాప్ లేవాలంటే చిన్నాచితకా ఫైళ్లు రాసుకోవాలి. జాగా లేక మళ్లీ లాగిన్‌కే తోసేస్తుంది. ఉబుంటు డిస్క్ వాడే ఈఎక్స్‌టీ4 పద్ధతిలో మామూలుగా 5 శాతం రూట్ (సిస్టం పెత్తనమంతా ఉన్న ఖాతా) కోసం దాచి ఉంచుతారు కాబట్టి, ఆ పెత్తనంతో కమాండ్ నడిపే సుడోతో పని నడుస్తుంది.

తిన్నది ఎవరయ్యా అంటే వార్ లాగ్ ఫోల్డర్లోని సిస్‌లాగ్, అంటే సిస్టం తన సంగతులు రాసుకునే ఫైల్, ఒక్కటే 17 జీబీ. నిండా పీసీఐఈ బస్ ఎర్రర్ (కార్డులు, చిప్పులు మాట్లాడుకునే దారిలో తప్పు), పక్కన "కరెక్టెడ్" అని. అంటే హార్డ్‌వేర్ తప్పు తానే దిద్దుకుని, దిద్దుకున్నానని ఆగకుండా ఒర్రుతోంది. ఆ ఫైల్‌ను ఆర్‌ఎమ్ (ఫైల్ తుడిచే కమాండ్)తో తీసేయకండి. లాగ్ రాసే ప్రోగ్రాం దాన్ని తెరిచి పట్టుకునే ఉంటుంది కాబట్టి జాగా తిరిగి రాదు. ముందు సుడో పెట్టి, ట్రంకేట్ మైనస్ ఎస్ సున్నా అని, ఫైల్ పేరు కొట్టించా, ఫైల్ ఉంటుంది, లోపలిది ఖాళీ అవుతుంది. తర్వాత లాగిన్ తెరను మళ్లీ లేపడానికి సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ జీడీఎమ్3.

"మామా, అచ్చింది!" అన్న కేక మా పక్క సీటాయనకు కూడా వినబడింది.

మీకు డిస్క్ ఖాళీగానే ఉందనుకోండి, మీ హోమ్ ఫోల్డర్లో డాట్ ఎక్స్‌అథారిటీ ఫైల్ (బొమ్మల తెర వాడుకునే అనుమతి ఇందులో ఉంటుంది) రూట్ పేరు మీద ఉందేమో చూడండి. సుడో పెట్టి స్టార్ట్‌ఎక్స్ కొడితే అట్ల అవుతుంది, చోన్ (ఫైల్ యజమానిని మార్చే కమాండ్)తో మళ్లీ మీ పేరు మీదికి మార్చుకోండి. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డుండి, కెర్నల్ (లినక్స్ గుండెకాయ) అప్‌డేట్ తర్వాతే ఇట్లయితే, మిషన్ ఆన్ చేయగానే వచ్చే గ్రబ్ మెనూలో పాత కెర్నల్ ఎంచుకుని చూడండి. ఏదీ కాకపోతే జర్నల్‌సీటీఎల్ మైనస్ బీ (ఈసారి మిషన్ లేచినప్పటి నుంచి ఉన్న లాగ్ చూపే కమాండ్) చివరి పేజీ ఇక్కడ పెట్టండి. గ్రబ్‌లో నోమోడ్‌సెట్ (కెర్నల్ గ్రాఫిక్స్ సర్దుకోకుండా ఆపే మాట) పెట్టమని చెప్పే వీడియోల జోలికి మాత్రం ఇప్పుడే పోకండి.

కాజీపేటలో దిగి రూంకు పోయాక గ్రబ్ ఫైల్లో పీసీఐ ఈక్వల్ నోఏఈఆర్ చేర్చి, అప్‌డేట్ గ్రబ్ కొట్టా. అది ఒర్రుడు బంద్ చేస్తుంది, అంతే, లోపం లోపమే. తర్వాత ఆ రూమ్మేట్ పెన్‌డ్రైవ్ పెట్టి చూస్తే అందులో ఉన్నది విండోస్ 7.