కొత్త స్కూబా ఫిన్స్: బ్లేడు చూసే ముందు పాదం సంగతి చూసుకోండి

మీ ఓపెన్ వాటర్ కోర్సు (స్కూబా డైవింగ్‌లో మొదటి మెట్టు) అయిపోయి ఇరవై డైవ్‌లు దాటాయి, అద్దె ఫిన్స్‌తో (పాదాలకి తొడుక్కునే ఈత రెక్కలు, వాటి ముందున్న వెడల్పాటి పలకే బ్లేడు) దిగిన ప్రతిసారీ పిక్కలు పట్టేస్తున్నాయి అన్నారు. సొంత జత కొందామంటే ఒకరు స్ప్లిట్ ఫిన్స్ (బ్లేడు మధ్యలో చీలినవి) అంటున్నారు, ఇంకొకరు బరువైన రబ్బరు ఫిన్స్ తప్ప వేరేవి ముట్టుకోవద్దంటున్నారు, ఎవరి మాట వినాలి అని అడిగారు. వాళ్లిద్దరూ వాళ్ల కాళ్ల గురించి చెబుతున్నారు. మీ కాళ్ల గురించి ఇంకా ఎవరూ అడగలేదు.

నేను ఇప్పటికి మూడు జతలు కొన్నాను. మొదటి రెండూ బుద్ధి తక్కువై కొన్నవే.

మొదటిది ఫుల్ ఫుట్ రకం, అంటే మడమతో సహా పాదమంతా షూలా కప్పేసేది. నా షూ నంబరు చూసి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. కాస్త బిగుతుగా ఉన్నాయి. "నీళ్లలో సర్దుకుంటుందిలే" అన్నారెవరో, నమ్మాను. సర్దుకోలేదు. రెండో రోజుకి మడమ మీద బొబ్బ, మూడో రోజుకి బొటనవేలి గోరు నల్లబడింది. బొబ్బ చితికిన కాలితో ఉప్పునీళ్లలో దిగితే చేపలు, పగడాలు ఏవీ కనబడవు, మడమ ఒక్కటే గుర్తొస్తుంది. ఫుల్ ఫుట్ చెడ్డదని కాదు. గోరువెచ్చని నీళ్లలో, పడవ మీంచి నేరుగా దూకేవాళ్లకి అదే హాయి. తేలిక, బూటీలు (ఫిన్ లోపల వేసుకునే రబ్బరు బూట్లు) అక్కర్లేదు. కానీ సైజు తప్పితే సరిచేసుకోవడానికి దానికి పట్టీ ఉండదు. పలచని సాక్స్ వేసుకోవడం ఒక్కటే దారి, అదీ వదులుగా ఉన్నప్పుడే.

రెండో జత కథ ఇంకా అన్యాయం. మాకు నేర్పినాయన నల్లటి రబ్బరు ఫిన్స్ వాడేవాడు. పొట్టిగా, వెడల్పుగా, ఇనప్పలకల్లా ఉండేవి. 1960లలో వచ్చిన జెట్ ఫిన్ కుటుంబానివి, ఇప్పటికీ దాదాపు అదే ఆకారంలో అమ్ముతున్నారు. ఆయన వాటితో నీళ్లలో కదలకుండా నిలబడేవాడు, వెనక్కి కూడా వెళ్లేవాడు. ఆ పనితనం ఫిన్స్‌లో ఉందనుకుని నేనూ కొన్నాను. వేసుకుని దిగితే కాళ్లు కిందికి లాగేస్తున్నాయి. బల్లపరుపుగా ఉండాల్సిన ఒళ్లు ఏటవాలుగా వేలాడుతోంది. నిలవడానికి ఊరికే తన్నుకుంటూ ఉండాల్సి వచ్చేది, గాలి త్వరగా అయిపోయేది. నా కిక్ (కాళ్లు ఆడించే తీరు) బాగాలేదనుకుని నెలల తరబడి నన్ను నేనే తిట్టుకున్నాను.

అసలు సంగతి తర్వాత అర్థమైంది. ఆయన దిగేది డ్రైసూట్‌లో, అంటే నీళ్లు లోపలికి రాకుండా, లోపల గాలి ఉండే సూట్‌లో. డ్రైసూట్‌లో గాలి కాళ్లవైపు చేరి పాదాలు పైకి తేలిపోతుంటాయి, వాటిని పట్టి ఉంచడానికి బరువైన ఫిన్స్ కావాలి. నాది ఒంటికి అంటుకుని ఉండే, పలచని 3 మిల్లీమీటర్ల వెట్‌సూట్. నా కాళ్లు ఎటూ తేలవు, పైగా బరువులన్నీ నడుం చుట్టూనే పెట్టుకునేవాణ్ణి. ఆ పైన ఈ రబ్బరు. కొన్ని బరువులు తీసి పైకి, సిలిండర్ బెల్టు దగ్గరికి మార్చాక కొంత కుదిరింది గానీ, నా తొడలకి ఆ బ్లేడు గట్టిదనం మాత్రం తగ్గలేదు. నాకన్నా బలమైన కాళ్లున్న స్నేహితుడికి ఇచ్చేశాను, వాడు మహదానందంగా వాడుతున్నాడు.

అందుకే మీ పిక్కల విషయం ముందు తేల్చుకోండి. పట్టేస్తున్నది సరిగ్గా ఎక్కడ? అరికాలి వంపులో మొదలవుతుంటే ముందు ఫుట్ పాకెట్‌ని, అంటే ఫిన్‌లో పాదం దూర్చే భాగాన్ని అనుమానించాలి. అద్దె ఫిన్స్ తరచూ ఒక సైజు వదులుగా దొరుకుతాయి. ఫిన్ జారిపోకుండా మనకి తెలియకుండానే వేళ్లు ముడిచి పట్టుకుంటాం, అలా అరగంట గడిస్తే అరికాలు, ఆ వెంటే పిక్క బిగుసుకుంటాయి. అలా కాకుండా నేరుగా పిక్కలోనే, గట్టిగా తన్నినప్పుడు వస్తుంటే బ్లేడు మీ కాలికి మరీ గట్టిదై ఉండొచ్చు, లేదా మోకాలు మడిచి సైకిల్ తొక్కినట్టు తన్నుతుండొచ్చు. ఈ రెండోది కొత్త ఫిన్స్‌తో పోదు. ఎవరినైనా వెనకనుంచి ఒక నిమిషం వీడియో తీయమనండి. నాది చూసుకున్న రోజు సిగ్గేసింది. నీళ్లు సరిగా తాగకపోయినా, చలిలో వణుకుతూ దిగినా కూడా పట్టేస్తుంది, అది వేరే సంగతి.

ఇక స్ప్లిట్ ఫిన్స్. ఒక ట్రిప్పులో రెండు రోజులు అరువు తెచ్చుకుని వాడాను. బ్లేడు మధ్యలో చీలి ఉంటుంది కాబట్టి నీటి ఒత్తిడి కాలి మీద తక్కువ. మామూలు ఫ్లట్టర్ కిక్‌తో (కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి పైకీ కిందికీ ఆడించడం), చిన్నచిన్నగా, త్వరత్వరగా ఆడిస్తే చాలు, సాగిపోతాం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వీటిని ఎందుకు వదలరో అప్పుడు తెలిసింది. కానీ కప్పలా రెండు కాళ్లూ తెరిచి మూసే ఫ్రాగ్ కిక్ వేస్తే పట్టు దొరకదు. ఉన్నచోటే తిరగడం, వెనక్కి జరగడం నా వల్ల కాలేదు. ఇసుక నేలకి దగ్గరగా వెళ్తే ఆ చివరలు రెపరెపలాడి ఒండ్రంతా లేచింది. ఫొటో తీస్తున్న వెనకాయన చూసిన చూపు ఇంకా గుర్తుంది. మీరు ఇప్పుడిప్పుడే ఫ్రాగ్ కిక్ నేర్చుకుంటున్నారు, ఫొటోలంటే ఇష్టం అని కూడా రాశారు కదా. ఆ రెండూ ఉంటే నేనైతే స్ప్లిట్ వైపు వెళ్లను. మోకాలి సమస్య ఉంటే మాత్రం ఈ మాట పక్కన పెట్టేయండి.

మూడో జతకి బుద్ధొచ్చి, కొనేముందు ఈతకొలనులో నాలుగు రకాలు వేసుకుని చూశాను. చివరికి తీసుకున్నది మామూలు ప్యాడిల్ ఫిన్, అంటే బ్లేడు చీలిక లేకుండా ఒకే పలకగా ఉండేది. ఓపెన్ హీల్ (మడమ దగ్గర తెరిచి ఉండి, పట్టీతో పట్టి ఉంచేది), ఒక మోస్తరు గట్టిదనం, నీళ్లలో దాదాపు తేలకా మునగకా ఉండేది. చూడ్డానికి ఏ గొప్పా లేదు. ఐదేళ్లుగా అదే. మీకూ ఇలాంటిదే సూచిస్తాను, కానీ మోడల్ పేరు చెప్పను, ఎందుకంటే నా పాదం సన్నం, మీది వెడల్పు కావచ్చు.

కొనేటప్పుడు బూటీలు తప్పకుండా వెంట తీసుకెళ్లండి. అసలు బూటీలే ముందు కొనాలి, ఫిన్స్ తర్వాత. 3 మిల్లీమీటర్ల బూటీకి సరిపోయిన పాకెట్‌లో 5 మిల్లీమీటర్లది ఇరుక్కుపోతుంది, 7 అయితే దూరనే దూరదు. కంపెనీకో సైజు పట్టిక, ఒకరి మీడియం ఇంకొకరి లార్జ్. పొడిగా ఉన్న బూటీ రబ్బరుకి పట్టేసి మోసం చేస్తుంది, కుదిరితే తడిపి వేసుకోండి. కూర్చుని కాలు పైకెత్తి పక్కలకి ఊపండి. ఫిన్ పాదంతో పాటే కదలాలి, లోపల పాదం వేరేగా తిరగకూడదు. పది నిమిషాలు అలాగే ఉంచుకోండి. అరికాలి వంపు దగ్గర నొక్కినట్టుంటే, ఎంత నచ్చినా వదిలేయండి. వేళ్లు కదిలించగలగాలి. పాకెట్ ముందు భాగం తెరిచి ఉన్న రకాల్లో బూటీ కొస కాస్త బయటికి కనిపించినా ఫర్వాలేదు.

బ్లేడు మీద రంధ్రాలు, గాడులు, పక్క అంచులు చూసి ఎక్కువ బుర్ర పాడుచేసుకోకండి. మధ్యలో మెత్తటి గాడులుంటే బ్లేడు గరిటెలా వంగి నీళ్లు పక్కలకి జారిపోకుండా ఉంటాయి, అంతవరకు నిజమే. అట్టమీద రాసిన మిగతా గొప్పలు మీ స్థాయిలోనూ నా స్థాయిలోనూ తేడా తెలియనంత చిన్నవి. ఫ్రీడైవింగ్‌వాళ్ల (సిలిండర్ లేకుండా ఊపిరి బిగబట్టి దిగేవాళ్ల) పొడవాటి ఫిన్స్ అందంగా ఉన్నాయని స్కూబాకి కొనకండి, పడవలో అడ్డం, తిరగడానికి అడ్డం.

పట్టీ విషయంలో మాత్రం ఖర్చుకి వెనకాడొద్దు. ఒకసారి అలల్లో ఊగుతున్న పడవ మీద, అందరూ దూకేశాక నా రబ్బరు పట్టీ పుటుక్కుమంది. దగ్గర ఇంకోటి లేదు. ఆ డైవ్ అంతా పడవ మీద కూర్చునే చేశాను. ఆ తర్వాత స్ప్రింగ్ పట్టీలు వేయించుకున్నాను. మడమ వెనక ఉన్న ఉంగరంలో బొటనవేలు పెట్టి లాగితే సరి, బిగించే పనిలేదు, బకిల్ విరుగుతుందన్న టెన్షన్ లేదు. మీరు కొనే ఫిన్‌కి స్ప్రింగ్ పట్టీ అమరుతుందో లేదో ముందే అడగండి, బిగించే కొక్కెం ఒక్కో కంపెనీకి ఒక్కో రకం. విమానంలో తిరిగేవాళ్లయితే పొడవు, బరువు కొలుచుకోండి. నా రబ్బరు జత ఒక్కటే బ్యాగులో సగం బరువు మింగేసేది.

కొనేలోపు వచ్చే వారం మళ్లీ అద్దె ఫిన్స్‌తోనే దిగుతున్నారుగా. ఈసారి ఒక సైజు చిన్నది అడిగి చూడండి. అయినా పిక్క పట్టేస్తే తన్నడం ఆపండి, బడ్డీకి (మీకు జతగా దిగినవారికి) సైగ చేయండి, ఆ కాలు చాపి ఫిన్ కొసని చేత్తో పట్టుకుని మీ వైపు మెల్లగా లాగి ఉంచండి, రెండో చేత్తో పిక్క రుద్దండి. సడలాక కాసేపు ఫ్రాగ్ కిక్‌తో నెమ్మదిగా వెళ్లండి. నొప్పి అరికాల్లో మొదలైందా, పిక్కలోనా అన్నది మాత్రం గుర్తుపెట్టుకొచ్చి ఇక్కడ రాయండి, బ్లేడు ఎంత మెత్తగా ఉండాలో అప్పుడు మాట్లాడుకుందాం.