తెల్లబట్ట తగ్గి మళ్లీ వస్తోంది.. భర్త నుంచి అంటుకుందా?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. కాపర్-టి వేయించుకుని నాలుగేళ్లయింది. మా ఆయన హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేస్తారు, పదిహేను రోజులకోసారి ఇంటికొస్తారు. ఆరు నెలలుగా పల్చగా తెల్లబట్ట అవుతోంది, నీచు వాసన వస్తోంది. ఆయన వచ్చి వెళ్లాక ఎక్కువవుతోంది. మెడికల్ షాపులో గోళీలు తెచ్చి మూడుసార్లు వేసుకున్నా. తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోంది. ఇది ఆయన నుంచి అంటుకుందా? ఆయనకూ మందులు ఇప్పించాలా? అడిగితే నన్నే అనుమానిస్తారని భయం. ఈ నెల బహిష్టు కూడా పది రోజులు ఆలస్యమైంది, కుడివైపు పొత్తికడుపులో కొద్దిగా నొప్పి. వేడి చేసిందేమో అనుకుంటున్నా.
– ఒక సోదరి, దేవరకొండ

జవాబు: వాసన సంగతి, మీ ఆయన సంగతి కాసేపు పక్కన పెట్టండమ్మా. కాపర్-టి ఉన్న మనిషికి నెల తప్పి, ఒక పక్కన పొత్తికడుపు నొప్పి ఉందంటే డాక్టరుకు ముందుగా వచ్చే అనుమానం గర్భం ట్యూబులో నిలిచిందేమోనని. కాపర్-టి ఉండగా గర్భం రావడం అరుదు. వస్తే మాత్రం అది గర్భసంచిలో కాకుండా ట్యూబులో ఉండే అవకాశం మిగతావాళ్ల కన్నా ఎక్కువ. మీకు అదే అయిందని నేను అనడం లేదు, చూడకుండా ఎవరూ అనలేరు. కానీ ‘వేడి చేసింది’ అని సబ్జా నీళ్లు తాగి కూర్చునే లక్షణాలు కావివి.

ఈ రోజే గర్భ పరీక్ష చేసుకోండి. ఆశా కార్యకర్తను అడిగితే నిశ్చయ్ కిట్ ఉచితంగా ఇస్తారు. రెండు గీతలు వస్తే అదే రోజు స్కానింగ్ జరగాలి. దేవరకొండలో కుదరకపోతే నల్గొండ ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. ఒకటే గీత వచ్చినా నొప్పి ఉంది కాబట్టి ఒకట్రెండు రోజుల్లో గైనకాలజిస్టుకు చూపించుకోవాల్సిందే. లోపల ఇన్ఫెక్షన్ ఉందా, కాపర్-టి దారం కనిపిస్తోందా అన్నదీ చూస్తారు. నొప్పి ఒక్కసారిగా పెరిగినా, కళ్లు తిరిగినా, భుజం లాగినా, రక్తం కనిపించినా 108కి ఫోన్ చేయండి. బస్సు కోసం చూడొద్దు.

ఇక గోళీలు. మూడుసార్లు ఏం వేసుకున్నారో మీరు రాయలేదు, బహుశా మీకూ తెలియదు. ఓపీలో రోజూ ఇదే తంతు: ‘ఏ మందు వాడారమ్మా’ అంటే ‘తెల్ల గోళీ సార్, పెద్దది’ అంటారు. షాపు ముందు నలుగురు మగవాళ్లు నిలబడి ఉంటే ఆడమనిషి గొంతు తగ్గించి ‘తెల్లబట్టకు’ అని ఒక్క మాట చెబుతుంది. అతను ఇంకో మాట అడగకుండా ఫంగస్ గోళీ చేతిలో పెడతాడు. ఫంగస్ అయితే విరిగిన పాలలా గడ్డలుగా అవుతుంది, దురద భరించలేరు. నీచు వాసనకు ఆ గోళీ పని చేయదు. పైగా అందులో ఎక్కువగా ఉండే ఫ్లుకోనజోల్‌ను గర్భం తొలి నెలల్లో వీలైనంత వరకు వద్దంటాం. నెల తప్పిన విషయం షాపతనికి చెప్పారా? ఖాళీ స్ట్రిప్పులు ఇంట్లో ఉంటే పారేయకుండా డాక్టరుకు చూపించండి. డెట్టాల్ నీళ్లతోనో, వాష్‌లతోనో లోపల కడుగుతుంటే అదీ ఆపండి, దానివల్ల ఈ సమస్య ఇంకా పెరుగుతుంది.

మీరు చెప్పిన లక్షణాలు బ్యాక్టీరియల్ వెజినోసిస్‌కు దగ్గరగా ఉన్నాయి. యోనిలో ఆమ్లగుణాన్ని కాపాడే ల్యాక్టోబాసిల్లస్ అనే మంచి బ్యాక్టీరియా తగ్గిపోయి, గార్డ్‌నెరెల్లా లాంటి ఇతర బ్యాక్టీరియా పెరగడమే ఈ సమస్య. వీర్యానికి క్షారగుణం ఉంటుంది కనుక కలయిక తర్వాత ఆ వాసన ఎక్కువగా తెలుస్తుంది. అంటే ఆయన వచ్చి వెళ్లాక పెరిగినంత మాత్రాన ఆయనే తెచ్చారని కాదు. కాపర్-టి ఉన్నవాళ్లలోనూ ఇది కొంత ఎక్కువే. అయితే ట్రైకోమోనాస్ అనే మరో ఇన్ఫెక్షన్ కూడా ఇలాగే ఉండొచ్చు. అది కచ్చితంగా కలయిక ద్వారా వచ్చేదే, దానికి ఇద్దరికీ మందు ఇవ్వాలి. రెండింట్లో ఏదన్నది స్రావాన్ని పరీక్ష చేస్తేనే తేలుతుంది.

భాగస్వామి నుంచి వస్తుందా అంటే, చాలాకాలం మేం ‘ఇది సుఖవ్యాధి కాదు, భర్తకు మందు అక్కర్లేదు’ అనే చెప్పేవాళ్లం. మగవాళ్లకు గోళీలు మాత్రమే ఇచ్చి చేసిన పాత అధ్యయనాల్లో లాభం కనిపించలేదు. 2025లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనం ఈ ఆలోచనను మార్చింది. 164 జంటల్లో కొందరు భర్తలకు గోళీలతో పాటు పైపూత క్రీమ్ కూడా వారం రోజులు ఇచ్చారు. 12 వారాల్లో సమస్య తిరగబెట్టింది ఆ జంటల్లో 35 శాతం మందికి, భార్యకు మాత్రమే మందు ఇచ్చిన జంటల్లో 63 శాతం మందికి. కాబట్టి ఈ బ్యాక్టీరియా ఇద్దరి మధ్యా అటూ ఇటూ తిరుగుతుందని చెప్పొచ్చు. మీలా మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లకు భర్త చికిత్స గురించి డాక్టరును అడగడం సబబే. కానీ దీన్ని పట్టుకుని ఎవరు తప్పు చేశారని తేల్చలేం. ఒకరికొకరు తప్ప వేరే సంబంధం లేని జంటల్లోనూ ఇది వస్తుంది. ఆయనతో ఆ మాట చెప్పడం మీకు కష్టమైతే ఇద్దరూ కలిసి రండి, మేమే చెబుతాం. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రుల్లో సుఖవ్యాధులు, ఇలాంటి ఇన్ఫెక్షన్లు చూసే సురక్ష క్లినిక్‌లో వివరాలు గోప్యంగా ఉంచుతారు, పరీక్షలకు డబ్బులు తీసుకోరు.

మందుల డోసు ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఈ పేజీని ఫోన్‌లో చూపించి కొనేస్తారని నాకు తెలుసు. మందు మొదలయ్యాక కోర్సు మధ్యలో ఆపొద్దు. చికిత్స నడిచినన్నాళ్లూ కలయిక వద్దు. కండోమ్ ఉందిగా అనుకోవద్దు, కొన్ని యోని క్రీముల్లో నూనె ఉంటుంది, వాటితో కండోమ్ చిరుగుతుంది. ఆయనకు మెట్రోనిడజోల్ గోళీలు ఇస్తే ఆ వారం కల్లు, మద్యం ముట్టొద్దని నా సలహా. గర్భ పరీక్ష ఫలితం, స్కానింగ్ రిపోర్టు చేతిలో పెట్టుకుని వెళ్తే ఇవన్నీ ఒకేసారి మాట్లాడుకోవచ్చు.