సంతకం పెట్టే ముందు

చిరంజీవి కిరణ్‌కు,

మామయ్య ఆశీస్సులు. మీ బ్యాండ్ బాణీలను ఒక కంపెనీ ఏకమొత్తంగా కొంటానంటోందనీ, ఆ డబ్బుతో కొత్త డ్రమ్స్ వస్తాయనీ మీ అమ్మ సంబరంగా చెప్పింది. డ్రమ్స్ సంగతి తర్వాత. నువ్వు ఆరాధించే ఆ జాజ్ వాళ్లలో ఎవరు డబ్బు నిలబెట్టుకున్నారో, ఎలా నిలబెట్టుకున్నారో ముందు విను.

అమెరికా జాజ్ బ్యాండ్ నాయకుడు కౌంట్ బేసీ గురించి నీకు చెప్పక్కర్లేదు. డెక్కా రికార్డు కంపెనీతో ఆయన మొదటి ఒప్పందంలో 24 రికార్డింగులకు 750 డాలర్లు, రాయల్టీ, అంటే అమ్మకాల మీద వచ్చే వాటా, సున్నా. ఆయన బ్యాండ్‌కు దేశమంతా పేరు తెచ్చిన ‘వన్ ఓ క్లాక్ జంప్’ 1937లో ఆ కంపెనీకే వాయించాడు. అంతటి ఉద్దండుడు కూడా కాగితం దగ్గర దెబ్బతిన్నాడు.

ఇప్పుడు డబ్ల్యూ.సి. హ్యాండీని చూడు. జాజ్ కంటే బ్లూస్ మనిషే అనాలి, మెంఫిస్ నగరంలో బ్యాండ్ నడిపేవాడు. 1912లో ‘మెంఫిస్ బ్లూస్’ హక్కులను 50 డాలర్లకు ఇచ్చేశాడు. పాట ఊరూరా మోగింది, లాభం కొన్నవాడికి పోయింది. రెండేళ్ల తర్వాత ‘సెయింట్ లూయిస్ బ్లూస్’ కట్టినప్పుడు మాత్రం ఎవరి గడపా తొక్కలేదు. హ్యారీ పేస్ అనే మిత్రుడితో కలిసి పెట్టుకున్న సొంత ప్రచురణ సంస్థ ద్వారానే అచ్చు వేశాడు. పేస్ బ్యాంకులో పనిచేసిన మనిషి. వాద్యగాడి పక్కన లెక్కలు తెలిసినవాడు ఒకడుండటం ఎంత అవసరమో మీ బ్యాండ్‌లో ఎవరికీ తట్టినట్టు లేదు!

అలా హక్కు తన దగ్గరే ఉంచుకున్న పాట మీద డబ్బు ఎలా వచ్చేదో చూడు. అమెరికా 1909 చట్టం ప్రకారం రికార్డు మీదకెక్కిన ప్రతి బాణీకీ, తయారైన ప్రతి కాపీకీ హక్కుదారుకు రెండు సెంట్లు ముట్టాలి. 1925లో అదే పాటను బెస్సీ స్మిత్ పాడింది, కార్నెట్ అనే ఊదే వాద్యం మీద లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ తోడయ్యాడు. స్టూడియోలో హ్యాండీ ఊదిందేమీ లేదు. రికార్డు కాపీ తయారైనప్పుడల్లా రెండు సెంట్లు ఆయన సంస్థ పద్దులోకి రావాల్సిందే. ఇంకెవరో వాయిస్తే మళ్లీ రెండు. స్వరాలు అచ్చేసిన పుస్తకాల అమ్మకం, రేడియో, సినిమా వేరే. మధ్యలో పేస్ విడిపోయాడు, సంస్థ అప్పుల పాలైంది, హ్యాండీకి కొంతకాలం చూపు కూడా సరిగా ఆనలేదు. అయినా ఆ పాటను చేయి జారనివ్వలేదు. 28 ఏళ్ల కాపీరైట్ గడువు తీరాక 1940లో ‘మెంఫిస్ బ్లూస్’ కూడా తిరిగి ఆయన పేరు మీదకే వచ్చింది. 1958లో కన్నుమూసే నాటికి సంస్థ కుటుంబం చేతిలోనే ఉంది.

మరో జాజ్ బ్యాండ్ నాయకుడు డ్యూక్ ఎలింగ్టన్ దారి వేరు. కచేరీల రాబడి చాలనప్పుడు పాటల రాయల్టీలు పోసి మరీ బ్యాండ్‌ను పోషించాడు. మిద్దెలు కట్టుకోకుండా ఆ ఖర్చేమిటని నేనడగను. అన్నేళ్లు ఆ వాద్యగాళ్లంతా తనతో ఉండటమే ఆయనకు ఆస్తి.

నేను మద్రాసు స్టూడియోల్లో శాక్సఫోన్ వాయించిన రోజుల్లో కాల్‌షీటు డబ్బు సాయంత్రానికి చేతికొచ్చేది, అక్కడితో లెక్క చెల్లు. నీ కాలం మెరుగు. మన కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం, ఆల్బమ్‌కు హక్కులు రాసిచ్చినా స్వరకర్త తన రాయల్టీ వాటాను వదులుకున్నట్టు రాయించుకోవడం చెల్లదు. ఒప్పందంలో గడువు రాయకపోతే అయిదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని లెక్కిస్తారు. అందుకే తెలివైన కంపెనీలు ‘శాశ్వతంగా, ప్రపంచవ్యాప్తంగా’ అని మరిచిపోకుండా వేస్తాయి. నీ కాగితంలో ఆ రెండు మాటలు ఎక్కడున్నాయో వెతుకు. ఉంటే కొట్టేసి, గడువు పెట్టమని అడుగు. రికార్డింగు వాళ్లకిచ్చినా సరే, బాణీ హక్కు నీ దగ్గరే ఉంచుకో. పాటల రాయల్టీలు వసూలు చేసి పంచే ముంబైలోని ఐపీఆర్ఎస్ అనే సంఘంలో స్వరకర్తగా చేరి ప్రతి బాణీనీ నమోదు చేయించు.

ఇంకొకటి, బ్యాండ్‌లో ఏ బాణీ ఎవరు కట్టారో, ఎవరి వాటా ఎంతో స్నేహం బాగున్నప్పుడే రాసుకోండి. పాట హిట్టయ్యాక ఆ మాట ఎత్తితే ముఖాలు మాడతాయి.

ఒప్పందం పేజీలన్నీ ఫోనులో ఫొటోలు తీసి పంపు, చిన్న అక్షరాలతో సహా. నేను చూసేదాకా కలం మూత తీయకు.

మీ మామయ్య