దుబాయ్ బుర్జ్ ఖలీఫా 828 మీటర్లంటే ఎక్కణ్ణించి ఎక్కడిదాకా?

టవర్ మీద యాంటెన్నా నిలబెడితే ఎత్తు పెరిగినట్టేనా, కైలాసగిరి మీద కడితే కొండ ఎత్తు కూడా కలుస్తుందా అని అడిగారు. రికార్డుల లెక్కలో రెండూ కలవవు. వైజాగ్‌లో ఎన్‌ఓసీ (కట్టడం విమానాలకు అడ్డు కాదని ఇచ్చే పత్రం) లెక్కలో మాత్రం రెండూ కలుస్తాయి!

రికార్డుల సంగతి తేల్చేది సీటీబీయూహెచ్‌గా పేరుపడ్డ, ఎత్తైన భవనాల లెక్కలు చూసే చికాగో సంస్థ. జనం ఆరుబయటి నుంచి నడిచి లోపలికొచ్చే ముఖ్య ద్వారాల్లో బాగా కిందున్న దాని దగ్గర సున్నా పెట్టుకుని, డిజైన్‌లో భాగమైన శిఖరం కొసదాకా కొలుస్తారు. యాంటెన్నాలు, జెండా కర్రలు, బోర్డులు లెక్కలోకి రావు. మలేషియాలోని పెట్రోనాస్ టవర్లు 452 మీటర్లతో చికాగోలో అప్పటి సియర్స్ టవర్‌ను (442) దాటింది ఇలాగే. సియర్స్‌లో మనుషులుండే పై అంతస్తు పెట్రోనాస్ కంటే ఎత్తు, దాని యాంటెన్నాలూ ఇంకా పైకి పోతాయి. అయినా శిఖరానిదే గెలుపు. చికాగో వాళ్లకి మండిందంటే మండదా మరి. ఆ గొడవ తర్వాతే, మనుషులు వాడే పై అంతస్తు ఎత్తునీ విడిగా చూపడం మొదలైంది.

నన్నడిగితే చూడాల్సింది ఆ అంకెనే. బుర్జ్ ఖలీఫా 828 మీటర్లే గానీ, వాడే పై అంతస్తు దాదాపు 585 దగ్గరే. ఆ పైన 240 మీటర్లకు పైగా ఎవరూ ఉండరు. వైజాగ్‌లో ఆ 240 మీటర్ల ఎత్తు భవనమే లేదు. షాంఘై టవర్ 632 మీటర్లే అయినా, దాని పై అంతస్తు 583 మీటర్ల దగ్గరుంది. అంటే మనిషి నిలబడే చోట తేడా రెండు మీటర్లే!

ఇక మన ఊరు. నేను సైట్ సర్వే పని చేస్తాను. ఇక్కడి ఐఎన్‌ఎస్ డేగ విమాన స్థావరం రన్‌వే నేవీది కాబట్టి, ఆ పరిధిలో కట్టేవాళ్లు నేవీ దగ్గర ఎత్తు ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి. అక్కడ కొలత సముద్రమట్టం నుంచి. స్థలం లెవెల్, దాని మీద బిల్డింగ్, మెట్ల మీది హెడ్‌రూమ్, వాటర్ ట్యాంకు, చివరికి ట్యాంకు మీద పిడుగు తీగ బిగించిన రాడ్డు కొస, అన్నీ కలిపి ఒకే అంకె. ఎండాడ దగ్గర వాలు స్థలం పార్టీ ఒకాయన, "రాడ్డుకీ లెక్కేంటి బాబూ, దానికి ఎవరైనా అద్దె కడతారా?" అని నాతో పెట్టుకున్నాడు. విమానం ఆ రాడ్డుని అద్దె అడగదు కదా సార్, తగిలితే చాలు అన్నాను. పల్లపు స్థలంలో వచ్చేన్ని అంతస్తులు తన మెరక స్థలంలో రావని అర్థమయ్యాక ఆయన రాడ్డు మాటెత్తలేదు.

ప్లాన్ శాంక్షన్‌లో మళ్లీ వేరే లెక్క. జాతీయ భవన నియమావళి ప్రకారం చుట్టూ ఉన్న నేల సగటు మట్టం నుంచి కొలవాలి, కేవలం అలంకారానికి పెట్టినవి తీసెయ్యాలి. ఆ పద్ధతిలో కొలిస్తే దుబాయ్ శిఖరం ఎంత మిగులుతుందో మీరే వేసుకోండి.