పైలట్ చదువుకు ఇల్లు తాకట్టు పెట్టేముందు చూడాల్సిన వెబ్‌సైట్లు

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా. నేను ప్రభుత్వ ఉపాధ్యాయురాలిని. నెలకు చేతికి 72 వేలు వస్తాయి. మావారికి ఎరువుల దుకాణం ఉంది, ఆదాయం ఒక్కో ఏడాది ఒక్కో రకంగా ఉంటుంది. అమ్మాయికి పదిహేడేళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. ఎయిర్‌ఫోర్స్‌లోనైనా, విమానయాన సంస్థలోనైనా పైలటే కావాలంటోంది. ఒక కన్సల్టెన్సీ వారు మొత్తం ఖర్చు 55 లక్షలు అవుతుందని, ఇంటి మీద 50 లక్షల లోను ఇప్పిస్తామని, ఈ నెలాఖరులోగా 3 లక్షలు అడ్వాన్సు కడితే సీటు ఖాయమని అంటున్నారు. మాకు 9 లక్షల ఎఫ్‌డీ, మ్యూచువల్ ఫండ్లలో 4 లక్షలు, సొంత ఇల్లు ఉన్నాయి. తొమ్మిదేళ్లలో రిటైరవుతాను. ఇంటర్నెట్‌లో ఎటు చూసినా ప్రకటనలే. ఏ వెబ్‌సైట్‌ను నమ్మాలి? లోను తీసుకోవచ్చా?

జవాబు: ఆ 3 లక్షలు ఈ నెలాఖరుకు కట్టకండి. అమ్మాయి కోరికను మాత్రం పక్కన పెట్టకండి. ఈ రంగంలో డబ్బు పోగొట్టుకునే కుటుంబాలు చాలావరకు ఖర్చును తప్పు వరుసలో పెట్టినవే. వందల్లోనో వేలల్లోనో తేలిపోయే పరీక్షలు ముందు రావాలి, లక్షలు చివర రావాలి. కన్సల్టెన్సీలు దీన్ని తలకిందులు చేస్తాయి. సరైన వరుస తెలియాలంటే చూడాల్సిన వెబ్‌సైట్లు దాదాపు అన్నీ ప్రభుత్వానివే, అన్నీ ఉచితమే.

మొదట లోను లెక్క చూద్దాం. 50 లక్షలను 11 శాతం వడ్డీకి పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 68,900 రూపాయల ఈఎంఐ పడుతుంది. మీ చేతికొచ్చే జీతం 72 వేలు. పదేళ్లలో మొత్తం కట్టేది 82 లక్షలు దాటుతుంది. విద్యా రుణంగా తీసుకుని ఈఎంఐ చదువయ్యాక మొదలుపెట్టినా, చదువు రోజుల్లో పేరుకునే వడ్డీ దీనికి అదనం. మొత్తం సొమ్ము విడుదలయ్యాక ఏడాదికి 5.5 లక్షలు అదే అవుతుంది. అమ్మాయి లైసెన్సు చేతికి రాగానే ఉద్యోగంలో చేరితే ఈ భారం తనే మోస్తుంది. కానీ లైసెన్సుకూ ఉద్యోగానికీ మధ్య ఏడాదో రెండేళ్లో ఎదురుచూసేవారు ఎందరో ఉన్నారు. పైగా విమానయాన సంస్థలు చాలావరకు అడిగే టైప్ రేటింగ్‌కు, అంటే ఎయిర్‌బస్ 320 వంటి ఒక నిర్దిష్ట విమానం నడిపే శిక్షణకు, మరో 15 నుంచి 25 లక్షలు కావాలి. మీకు చెప్పిన 55 లక్షల్లో అది ఉందో లేదో అడిగారా? సాధారణంగా ఉండదు. ఉద్యోగం ఆలస్యమైతే ఈఎంఐ మీ జీతం మీద, ఆ తరువాత మీ పెన్షన్ మీద పడుతుంది. తాకట్టులో ఉన్నది మీరు రిటైరయ్యాక తలదాచుకోవాల్సిన ఇల్లు. అందుకే ఇప్పుడు ఈ లోను వద్దంటున్నాను.

ఇక వెబ్‌సైట్లు. అన్నిటికంటే ముందు తెరవాల్సింది పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్‌ది: డీజీసీఏ డాట్ గవ్ డాట్ ఇన్. పైలట్ లైసెన్సు ఇచ్చేది ఈ సంస్థే. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 18 ఏళ్లు నిండాలి, ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి, 200 గంటలు విమానం నడిపి ఉండాలి, వైద్య పరీక్షల్లో నెగ్గాలి. ఈ సైట్‌లోనే క్లాస్ 2 వైద్య పరీక్ష చేసే డాక్టర్ల జాబితా ఉంటుంది. మీ మొదటి ఖర్చు అదే కావాలి, కొన్ని వేల రూపాయలతో అయిపోతుంది. అందులో నెగ్గాక కమర్షియల్ లైసెన్సుకు తప్పనిసరి అయిన, ఇంకా లోతైన క్లాస్ 1 పరీక్ష చేయించండి. అది గుర్తింపు పొందిన కొన్ని కేంద్రాల్లోనే చేస్తారు. రంగులు గుర్తించే చూపులో లోపం, గుండె, చెవి సమస్యలు ఇక్కడే బయటపడతాయి. ఫీజు కట్టేశాక ఇవి తెలిసిన పిల్లల తల్లిదండ్రుల బాధ చూసినవాడిని కాబట్టి మరీ మరీ చెబుతున్నాను: క్లాస్ 1 సర్టిఫికెట్ చేతికి రానిదే ఏ ఫ్లయింగ్ స్కూల్‌కూ అడ్వాన్సు ఇవ్వకండి. కళ్లద్దాలుంటే పౌర విమానయానంలో దారులు మూసుకుపోవు, అద్దాలతో చూపు సరిపోతే చాలు. ఎయిర్‌ఫోర్స్ ప్రమాణాలు ఇంకా కఠినం.

డీజీసీఏ రాత పరీక్షలు జరిపే పోర్టల్ పేరే ‘పరీక్ష’. నావిగేషన్, వాతావరణ శాస్త్రం, నిబంధనలు, విమాన సాంకేతికత వంటి పేపర్లు రాయాలి, ఒక్కోదానిలో 70 శాతం తెచ్చుకోవాలి. ఫ్లయింగ్ స్కూల్‌లో చేరకముందే ఇవి రాయవచ్చన్న సంగతి చాలామందికి తెలియదు. ఇంటర్ అయ్యాక అమ్మాయి ఇంట్లో కూర్చుని చదివి రెండు పేపర్లు నెగ్గిందంటే, ఆ చదువు తనకు పడుతుందో లేదో మీకూ తనకూ పుస్తకాల ఖర్చుతోనే తెలుస్తుంది. చదవడానికి మంచి సామగ్రి కూడా ఉచితంగా దొరుకుతుంది. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ తన శిక్షణ పుస్తకాలను సైట్‌లో అందరికీ అందుబాటులో ఉంచింది. నాసా గ్లెన్ పరిశోధన కేంద్రం విమానం ఎందుకు ఎగురుతుందో హైస్కూల్ పిల్లలకు అర్థమయ్యేలా వివరిస్తుంది. మన ప్రమాద దర్యాప్తు సంస్థ ఏఏఐబీ సైట్‌లో నివేదికలున్నాయి. శిక్షణ విమానాల ప్రమాదాల నివేదికలు మీరిద్దరూ కలిసి చదవండి. భయపెట్టడానికి చెప్పడం లేదు. ఏ స్కూల్‌లో క్రమశిక్షణ ఎలా ఉందో తెలుసుకోవడానికి అంతకంటే నిజాయతీగల పత్రం మరొకటి దొరకదు.

ఇప్పుడు డబ్బు అడగని దారి, అంటే సైన్యం. యూపీఎస్సీ సైట్‌లో ఎన్‌డీఏ, అంటే జాతీయ రక్షణ అకాడమీ, ప్రవేశ పరీక్ష ప్రకటన ఏడాదికి రెండుసార్లు వస్తుంది. పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర ఏళ్ల మధ్య వయసుండాలి, ఇంటర్ రెండో ఏడాదిలో ఉన్నవారూ రాయవచ్చు. దరఖాస్తు ఫీజు వంద రూపాయలు. అమ్మాయిలకు అదీ లేదు. రాత పరీక్ష 900 మార్కులకు, ఆ తరువాత సైనిక అధికారుల ఎంపిక బోర్డు (ఎస్‌ఎస్‌బీ) జరిపే ఇంటర్వ్యూ మరో 900 మార్కులకు. ఎంపికైతే పుణె దగ్గరి ఖడక్‌వాస్లాలో ఉన్న ఎన్‌డీఏలో మూడేళ్లు, ఆ పైన హైదరాబాద్ పక్కనే ఉన్న దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో శిక్షణ. చదువు, తిండి, వసతి, యూనిఫాం అన్నీ ప్రభుత్వానివే. సుప్రీంకోర్టు 2021లో ఇచ్చిన ఆదేశంతో ఎన్‌డీఏ తలుపులు అమ్మాయిలకు తెరుచుకున్నాయి, 2022లో తొలి బ్యాచ్ చేరింది. అయితే ఇటీవలి ప్రకటనల్లో ఎయిర్‌ఫోర్స్ ఫ్లయింగ్ విభాగంలో 92 సీట్లుంటే అమ్మాయిలకు రెండే ఉన్నాయి. రాయించండి, తప్పకుండా రాయించండి. ఆశలన్నీ మాత్రం దాని మీదే పెట్టుకోవద్దు.

మీ అమ్మాయికి ఇంకాస్త విశాలమైన దారి ఏఎఫ్‌క్యాట్. ఎయిర్‌ఫోర్స్ సొంతంగా ఏడాదికి రెండుసార్లు జరిపే ఈ పరీక్షకు వేరే సైట్ ఉంది: ఏఎఫ్‌క్యాట్ డాట్ సీడాక్ డాట్ ఇన్. ఫ్లయింగ్ విభాగానికి వయసు 20 నుంచి 24 ఏళ్లు. డీజీసీఏ కమర్షియల్ లైసెన్సు ఉన్నవారికి 26 వరకు వెసులుబాటు ఉంది. డిగ్రీలో 60 శాతం, ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ రెండింటిలోనూ 50 శాతం చొప్పున ఉండాలి. ఎత్తు కనీసం 162.5 సెంటీమీటర్లు, కాలి పొడవు 99 సెంటీమీటర్లకు తగ్గకూడదు. ఈ కొలతలు ఈ రోజే ఇంట్లో టేపుతో చూసుకోవచ్చు. డిగ్రీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ ఉన్న కాలేజీ దొరికితే అందులో చేర్పించండి. సి సర్టిఫికెట్ ఉన్నవారికి ప్రత్యేక ప్రవేశం ఉంది. అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ దేశపు తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా 2016 జూన్‌లో బయటికి వచ్చింది దుండిగల్ నుంచే.

ఏఎఫ్‌క్యాట్ నెగ్గినవారిని ఎయిర్‌ఫోర్స్ ఎంపిక బోర్డు పిలుస్తుంది. అక్కడ పైలట్ నైపుణ్యాన్ని కంప్యూటర్ మీద చూసే సీపీఎస్‌ఎస్ అనే పరీక్ష ఉంటుంది. జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు. ఒకసారి తప్పితే ఫ్లయింగ్ విభాగం శాశ్వతంగా మూసుకుపోతుంది. సరదాగా ఒకసారి వెళ్లి చూసొద్దాం అనుకునే పరీక్ష కాదిది.

డబ్బు వైపు చూస్తే ఫ్లయింగ్ శిక్షణలో నెలకు 56,100 రూపాయల స్టైపెండ్ వస్తుంది. అధికారి అయ్యాక అదే మూలవేతనంగా మొదలై, 15,500 మిలిటరీ సర్వీస్ పే, 25 వేల ఫ్లయింగ్ అలవెన్సు, కరవు భత్యం కలుస్తాయి. మీరు గుర్తుపెట్టుకోవాల్సినవి రెండున్నాయి. సొంత కారణాలతో శిక్షణ మధ్యలో మానేస్తే ప్రభుత్వం ఖర్చు తిరిగి వసూలు చేస్తుంది. ఫ్లయింగ్ విభాగంలో షార్ట్ సర్వీస్ కమిషన్, అంటే పరిమిత కాలపు అధికారి ఉద్యోగం, 14 ఏళ్లు, ఆ తరువాత పెన్షన్ ఉండదు. అమ్మాయి ఎంపికైతే మొదటి నెల నుంచే ఫ్లయింగ్ అలవెన్సు మొత్తాన్ని పొదుపులోకి మళ్లించమనండి. ముప్పై ఆరు, ముప్పై ఏడేళ్ల వయసులో బయటికి వచ్చేసరికి అదే తన పెన్షన్ అవుతుంది. పైగా ఆ అనుభవంతో డీజీసీఏ లైసెన్సు తీసుకుని విమానయాన సంస్థల్లో చేరే దారి ఉంది.

నౌకాదళానికీ పైలట్లుంటారు. జాయిన్ ఇండియన్ నేవీ సైట్‌లో ఆ ప్రకటనలు చూస్తుండండి. అగ్నివీర్ ప్రకటనలను మాత్రం దీనితో కలపకండి, ఆ ఉద్యోగంలో పైలట్ పని ఉండదు. ఎయిర్‌ఫోర్స్ ఉద్యోగం ఇప్పిస్తామంటూ డబ్బడిగే సైట్లను వెంటనే మూసేయండి. ఈ ఎంపికల్లో దరఖాస్తు ఫీజు తప్ప ఎక్కడా డబ్బు కట్టే అవసరం రాదు.

ఈ దారులు ఫలించకపోతే కమర్షియల్ లైసెన్సు. అప్పటికి మీ చేతిలో ఉండాల్సిన డబ్బు కూడబెట్టడం ఇప్పుడే మొదలుపెడదాం. 9 లక్షల ఎఫ్‌డీలో 3 లక్షలు అత్యవసరాలకు వదిలేయండి, దుకాణం ఆదాయం నిలకడగా లేదు కాబట్టి దాన్ని ముట్టుకోవద్దు. మిగిలిన 6 లక్షలు, దానికి తోడు నెలకు 25 వేలు రికరింగ్ డిపాజిట్. 7 శాతం వడ్డీ అనుకుంటే నాలుగేళ్లలో ఎఫ్‌డీ దాదాపు 7.9 లక్షలు, రికరింగ్ 13.8 లక్షలు అవుతాయి. పన్ను పోను 21 లక్షలకు కాస్త అటూ ఇటూ. ఈ డబ్బును షేర్లలో పెట్టవద్దు. వాడాల్సిన ఏడాదే మార్కెట్ పడిపోతే ఆగి చూసే వ్యవధి ఉండదు. మ్యూచువల్ ఫండ్ల 4 లక్షలు మీ రిటైర్మెంట్‌వి, వాటి జోలికి వెళ్లకండి. అప్పుడు 55 లక్షల ఖర్చుకు అవసరమయ్యే లోను 34 లక్షలకు తగ్గుతుంది, అదే వడ్డీకి ఈఎంఐ సుమారు 46,800. అప్పటికీ బరువే, కానీ ఒక జీతం మింగేసే బరువు కాదు. అప్పటికి అమ్మాయికి డిగ్రీ కూడా ఉంటుంది. విమానాలు నడపడానికి ఆరోగ్యం ఎప్పుడైనా అడ్డొస్తే ఆ డిగ్రీయే తిండి పెడుతుంది.

విద్యా రుణాలకు విద్యాలక్ష్మి పోర్టల్‌లో వేర్వేరు బ్యాంకుల షరతులు పోల్చుకోండి. బ్యాంకుల సంఘం నమూనా పథకం ప్రకారం 7.5 లక్షలు దాటితే ఆస్తి హామీ అడుగుతారు, కోర్సు కాలంతోపాటు మరో ఏడాది ఈఎంఐ మొదలు కాదు, తీర్చడానికి 15 ఏళ్ల వరకు గడువు ఉంటుంది. కన్సల్టెన్సీ ఇప్పిస్తానన్నది ఇంటి మీద మామూలు లోను. దానికి ఈ విరామం ఉండదు, వచ్చే నెల నుంచే ఈఎంఐ మొదలవుతుంది. విద్యా రుణం వడ్డీకి ఎనిమిదేళ్ల వరకు పన్ను మినహాయింపు ఉంది, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవారికే. బీమా విషయంలో ఒక జాగ్రత్త: విమానం నడిపేటప్పుడు జరిగే ప్రమాదాలను చాలా వ్యక్తిగత ప్రమాద పాలసీలు మినహాయిస్తాయి. పాలసీ తీసుకునేటప్పుడే శిక్షణ సంగతి రాతపూర్వకంగా చెప్పి, వర్తిస్తుందన్న మాట రాతపూర్వకంగానే తీసుకోండి.

స్కూల్ ఎంపికకు మళ్లీ డీజీసీఏ సైటే ఆధారం. గుర్తింపు పొందిన సంస్థల జాబితా అందులో ఉంది. 2025 నుంచి వాటికి ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్, అక్టోబర్ నెలల్లో, ర్యాంకులు కూడా ప్రకటిస్తున్నారు. ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో కేంద్ర ప్రభుత్వ అకాడమీ ఇగ్రువా ఉంది. ప్రవేశ పరీక్ష ద్వారా తీసుకుంటారు, ఫీజు 45 లక్షల వరకు ఉంటుంది, వాయిదాల్లో కట్టవచ్చు, హాస్టల్ వేరు. మీకు చెప్పిన 55 లక్షలను ముందు దీనితో పోల్చి చూడండి.

కన్సల్టెన్సీ వారికి ఇలా చెప్పండి: ఏ స్కూల్‌లో సీటు, దాని డీజీసీఏ గుర్తింపు పత్రం, ఎగరగల స్థితిలో ఉన్న విమానాలెన్ని, విద్యార్థులెంతమంది, గత బ్యాచ్ 200 గంటలు పూర్తి చేయడానికి ఎన్ని నెలలు పట్టింది, మధ్యలో మానితే ఎంత తిరిగిస్తారు. ఇవన్నీ కాగితం మీద ఇమ్మనండి. విమానాల కొరత, పొగమంచు, వానల వల్ల ఏడాదిన్నర శిక్షణ మూడేళ్లకు సాగిన స్కూళ్లున్నాయి. ఆ అదనపు కాలానికి హాస్టల్ ఖర్చూ వడ్డీ మీరే కట్టాలి. కాగితాలు ఇస్తే అమ్మాయి క్లాస్ 1 వైద్య పరీక్ష ఫలితం వచ్చాక నాకు పంపండి, చూసి చెబుతాను. ఇవ్వకపోతే ఆ 3 లక్షలు ఎఫ్‌డీలోనే ఉండనివ్వండి.